రెండు కామల దూరం

యేసయ్య కాలు తీసింది సదయ్య కాదు. మీరు. మేనేజరు గదిలో పంకా కింద కూర్చుని "కార్మికుని నిర్లక్ష్యం" అని టైపు కొట్టించిన మీరు. చూడకుండా గొడ్డళ్లు కొన్నవాళ్లు, కొన్నవాటిని కొలవకుండా పంచినవాళ్లు, ఇదేంది సార్ అని అడిగితే పోయి పని చేసుకోమన్నవాళ్లు. కాయితం మీద సదయ్య వేలిముద్ర ఒక్కటే పడింది. పడాల్సిన వేళ్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటికి సిరా అంటలేదు, అంతే తేడా.

జరిగింది జరిగినట్టు చెబుతాను. బొగ్గు బాయిలోకి ఎన్నడూ దిగనివాళ్లకు కూడా అర్థమయ్యేటట్టు చెబుతాను. ఎందుకంటే తీర్పు రాసేవాళ్లలో సగంమంది దిగనివాళ్లే.

గోదావరిఖనిలో ఎర్రగుట్ట బాయి మాది. సదయ్యది కర్రలు నిలబెట్టే పని. బొగ్గు తీసినకొద్దీ దానిపైన ఉన్న రాయి ఆధారం లేకుండా వేలాడుతుంది. దాని కింద వరసగా కర్రలు నిలబెట్టి, కర్ర నెత్తికీ రాయికీ మధ్య చెక్క పెట్టి, గొడ్డలి మడమతో కొట్టి బిగించాలి. ఆ తర్వాతే మా వంటి వాళ్లం తట్ట, బొగ్గు తోడే చెమ్మసు పట్టుకొని పోయి బొగ్గు ఎత్తి టబ్బులో పోస్తాం. కర్రకూ కర్రకూ మధ్య నాలుగు ఫీట్లు మించకూడదని రూలు. ఆ రూలు ఇంగ్లీషులో కొట్టి, బాయి మొగదల అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. చదివేవాడు లేడు. అయినా ఆ రూలు తప్పేవాడూ లేడు.

ఎందుకంటే మా దగ్గర కర్రలు పెట్టేవాళ్లు కళ్లతో కొలవరు, టేపుతో కొలవరు. గొడ్డలి కామతో, అంటే దాని కర్ర పిడితో కొలుస్తారు. కామ పొడుగు రెండు ఫీట్లు. నిలబడ్డ కర్ర మొదట్లో గొడ్డలి ఆనించి, కామను నేల మీద ఒకసారి పరిచి, దాని కొసనుంచి మళ్లీ ఒకసారి పరిస్తే, ఆ కొస పడ్డ చోట తర్వాతి కర్ర. రెండు కామలు. పని నేర్పేటప్పుడు నాలుగు ఫీట్లు అని ఎవరూ చెప్పరు, రెండు కామలనే చెబుతారు. సదయ్య పరిచేటప్పుడు "ఒకటి, రెండు" అని పైకి అనేవాడు. చీకట్లో ఆ మాట వినబడితే మాకు ధైర్యంగా ఉండేది.

కామ విరిగితే ఎవరిది వాళ్లే చెక్కుకునేవాళ్లు. కానీ చెక్కిన కామ నేరుగా బాయిలోకి దిగేది కాదు. హాజరు గది అరుగు మీద ఇంకో ముగ్గురి గొడ్డళ్లు పడుకోబెట్టి, వాటి పక్కన కొత్తది పడుకోబెట్టాలి. నాలుగు కొసలూ ఒక్క గీత మీదికి రావాలి. రాకపోతే కోసెయ్యాలి, లేదా పారెయ్యాలి. ఇది ఎవరో పెట్టిన చట్టం కాదు. బెల్లంపల్లి బాయిల నుంచి వచ్చిన పాతవాళ్లు తెచ్చిన పద్ధతి. సదయ్యది కమాన్‌పూరు పక్క ఊరే అయినా, మొదట తట్ట పట్టింది బెల్లంపల్లిలోనే. పదిహేడేళ్లలో ఆయన పెట్టిన వరస కింద ఒక్క మనిషికీ గీరుకుపోలేదు.

ఇక మీటరు సంగతి. బజార్లో శేరు పోయి కిలో వచ్చి అప్పటికే పదేళ్లు దాటింది. బట్టల దుకాణంలో గజం పోయి మీటరు వచ్చింది. జనం తిట్టుకున్నారు, మోసపోయారు, నేర్చుకున్నారు. బాయిలోకి మాత్రం ఆలస్యంగా వచ్చింది. డెబ్బై ఒకటిలో, ఎండలు ముదిరే ముందు, ఫీట్లూ అంగుళాలూ ఉన్న కాయితాలన్నీ తీసేసి మీటర్లవి పెట్టారు. అద్దాల పెట్టెలో కాయితం కూడా మారింది. అదీ ఇంగ్లీషే. నాలుగు ఫీట్లు ఉన్నచోట ఒక మీటరు ఇరవై సెంటీమీటర్లు అని ఉందట. ఆ సంగతి మాకు తెలిసింది యేసయ్య కాలు పోయిన తర్వాత.

అప్పుడు మాకు చెప్పింది ఒక్కటే. పొద్దుటి షిఫ్టు వాళ్లందరినీ హాజరు గది ముందు నిలబెట్టి మేనేజరు ఇంగ్లీషులో మాట్లాడాడు. ఓవర్‌మన్ లింగమూర్తి, అంటే కింద మా పని చూసే ఆఫీసరు, దాన్ని తెలుగులో చెప్పాడు. ఫీటు పోయింది, మీటరు వచ్చింది, మీకు ఏ ఫికరూ అక్కర్లేదు, మార్చాల్సినదంతా ఆఫీసు మార్చింది, మీరు పాత లెక్కనే పని చేసుకోండి. ఇవే మాటలు. నలభైమంది విన్నారు.

అదే వారం కొత్త గొడ్డళ్లు వచ్చాయి. నలభై రెండు. పాతది అప్పజెప్పినవాడికే కొత్తది ఇస్తామన్నారు. అందరూ అప్పజెప్పారు. పాత కామలన్నీ క్యాంటీను పొయ్యిలోకి పోయాయి. రెండు రోజులు మేము తాగిన చాయ వాటి మీద కాగిందే.

కొత్త కామలు పొడుగున్నాయని అందరికీ తెలిసింది. కళ్లతో కాదు, చంకతో. మా వాళ్లు నడిచేటప్పుడు గొడ్డలి తల పిడికిట్లో పట్టి, కామను చేతి వెంట పైకి ఆనించుకుంటారు. పాత కామ కొస సరిగ్గా చంక కింద ఆగేది. కొత్తది పొడుచుకునేది. సదయ్య మరదలి మొగుడు రాజం, అతనిదీ కర్రల పనే, మొదటి రోజు దిగువకు నడుస్తూనే, మన చంకలింకా ఫీట్లల్లనే ఉన్నయి, గొడ్డళ్లే మీటర్లకు పోయినయి అన్నాడు. నవ్వుకున్నాం. నాలుగు రోజులు అదే నవ్వు. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. 

అయితే కొలవలేదా? కొలిచారు. ఇదే గదా గుండె కాలే సంగతి. పద్ధతి ఎవరూ మరువలేదు. హాజరు గది అరుగు మీద సదయ్య తన కొత్త గొడ్డలి పడుకోబెట్టి, పక్కన ముగ్గురివి పడుకోబెట్టించాడు. కొసలన్నీ ఒక్క గీత మీదికి వచ్చాయి. తల ఊపి తీసుకున్నారు. పక్కన పెట్టిన మూడూ కొత్తవే. పాతది ఒక్కటంటే ఒక్కటి బాయి మీద మిగలలేదు. తప్పు పట్టడానికి పెట్టుకున్న పద్ధతే ఆ రోజు తప్పుకు ముద్ర వేసింది.

అయినా సదయ్య మనసు ఊరుకోలేదు. దిగువలో మూడో మలుపు దగ్గర లింగమూర్తిని ఆపి అడిగాడు. మాతో బొగ్గు ఎత్తే యేసయ్య అక్కడే తలకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. నేను టబ్బు దగ్గర ఉన్నాను.

"సార్, కామ పొడుగైంది. ఎన్ని కామలకు పెట్టాలె?"

"రెండు కామలకే. కొత్త కొలతకు తగ్గట్టే చేసి పంపిన్రు. ఆఫీసోళ్లు నీ అంత సదువుకోలేదనుకున్నవా?"

సదయ్య ఒక్క బడి మెట్టు ఎక్కినవాడు కాదు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మళ్లీ అడగలేదు.

కొత్త గొడ్డళ్లు వచ్చిన పంతొమ్మిదో రోజు, పొద్దుటి షిఫ్టు. పదకొండు కావస్తోంది. సదయ్య నాలుగు కర్రలు పెట్టి అయిదోదానికి నేల గీకుతున్నాడు. యేసయ్య రెండో కర్రకూ మూడో కర్రకూ నడుమ వంగి బొగ్గు ఎత్తుతున్నాడు. పైన చిన్నగా చిటచిటమంది. సదయ్య "బయటికి రా తమ్మి" అని అరిచేలోపలే బండ పడింది. మంచం అంత బండ. రెండు కర్రల నడుమ సరిగ్గా సందులోంచి జారి పడింది. కర్రలు రెండూ నిలబడే ఉన్నాయి. ఒరగలేదు, కదల్లేదు. పై చెక్క కూడా జారలేదు.

గడ్డపారలు పెట్టి బండ లేపడానికి ఏడుగురం పట్టాం. యేసయ్య నీళ్లు అడిగాడు. కుడికాలు మోకాలి కింద బొగ్గుతో కలిసిపోయింది. దవాఖానలో ఆ సాయంత్రమే మోకాలి పైకి కోశారు.

మరునాడు విచారణ. పెద్దాఫీసర్లు తెల్లటి టోపీలు పెట్టుకొని దిగారు. ఇనుప టేపు పరిచారు. మొదటి సందు ఒక మీటరు నలభై. రెండోది ఒక మీటరు నలభై. మూడోది ఒక మీటరు నలభై ఒకటి. రూలు ఒక మీటరు ఇరవై. అయిపోయింది. సందులు మూడూ అచ్చు పోసినట్టు ఒకేలా ఉన్నాయే, పట్టింపు లేకుండా పనిచేసేవాడి సందులు ఇంత సమానంగా ఎట్లా వస్తాయి అని వాళ్లలో ఒక్కడూ అడగలేదు. నిలబడ్డ కర్రలు నిలబడ్డట్టే ఎందుకున్నాయని అడగలేదు. సదయ్యను పిలిచి ఎంత దూరంలో పెట్టావని అడిగారు. రెండు కామలు సార్ అన్నాడు. ఒక ఆఫీసరు నవ్వాడు. ఇంకొకాయన "రూలు తెలియదు" అని రాసుకున్నాడు. కామ పొడుగైందని నిన్ను అడిగాను గద సార్ అని సదయ్య లింగమూర్తి దిక్కు చూస్తే, లింగమూర్తి తన బూట్ల దిక్కు చూశాడు. నాకు గుర్తులేదు అన్నాడు.

నేను చూశాను, నేను విన్నాను అని ముందుకు పోతే, నీ డ్యూటీ టబ్బు దగ్గర, పో అన్నారు.

కాయితం ముందు పెట్టి వేలు పెట్టమన్నారు. సదయ్య పెట్టాడు. భయపడి కాదు. ఈ మాట అందరూ తెలుసుకోవాలి. తప్పు తనదేనని నమ్మి పెట్టాడు. టేపు అబద్ధం చెప్పదు గదా. పదిహేడేళ్లు తప్పని చెయ్యి ఆ రోజు తప్పిందనుకున్నాడు. ఆ రాత్రికి చార్జిషీటు ఇంటికి వచ్చింది. పనిలోంచి ఎందుకు తీసెయ్యకూడదో వారంలో చెప్పుకోవాలని దాని అర్థం.

అయిదు రోజులు సదయ్య ఇల్లు దాటలేదు. దవాఖాన రెండు ఫర్లాంగుల దూరం. యేసయ్య అక్కడ పడి ఉన్నాడు, ఇద్దరిదీ గోడకు గోడ ఇల్లు, పన్నెండేళ్ల పొత్తు. అయినా పోలేదు. ఏ ముఖంతో పోవాలని అడిగేవాడు. అన్నం ముందు పెడితే కలిపి పెట్టి లేచేవాడు. మధ్యాహ్నం పూట చీపురుకట్ట తీసుకొని ఇంటి నేల మీద పరుస్తూ "ఒకటి, రెండు" అనుకునేవాడు. మళ్లీ మొదటికి వచ్చి మళ్లీ పరిచేవాడు. ఆయన పెళ్లాం ఐలవ్వ చూసీ చూసీ ఆరో రోజు నోరు విప్పింది.

"పొద్దందాక రెండు కామలు, రెండు కామలు అంటవ్. ఏ కామ?"

"ఏ కామేంది. గొడ్డలి కామ."

"పాతదా, కొత్తదా?"

సదయ్య చీపురు కింద పెట్టాడు.

"బట్టల షాపోడు గజం తీసి మీటరు పెట్టిన నాడు నేను నా చెయ్యితోని కొలిసి సూసిన," అంది ఐలవ్వ. "బెత్తెడు ఎక్కువొచ్చింది. రైకకు ఎంత అడగాల్నో మల్ల నేర్సుకున్న. ఆఫీసోళ్లు మార్సిన్రంటే నువ్వు కొలుసుకోవా?"

"ముగ్గురియి పక్కన పెట్టి సూసినమే. సరిపోయినయి."

"ఆ మూడూ కొత్తయే గద."

ఆమె బాయి చూసినది కాదు. అద్దాల పెట్టెలో కాయితం చదివినది కాదు. రైక గుడ్డ దగ్గర మోసపోయి నేర్చుకున్న మనిషి. పెద్దాఫీసర్లు ఇనుప టేపుతో కనుక్కోనిది ఆ ఒక్క మాటతో కనుక్కుంది.

పొద్దుగూకక ముందే రాజం తన గొడ్డలిని వంటచెరుకు కట్టెల నడుమ దాచి తెచ్చాడు. వాడ చివర మిషను కుట్టే ముత్యం దగ్గర టేపు ఉంది. దర్జీల టేపుకు ఒక పక్క అంగుళాలు, ఇంకో పక్క సెంటీమీటర్లు ఉంటాయి. ఈ ఊళ్లో రెండు కొలతలూ తెలిసిన వస్తువు ఏదన్నా ఉంటే అదే. ముత్యం మొదట సదయ్య చెయ్యి కొలిచాడు, పిడికిలి నుంచి పాత కామ ఆగిన చంక దాకా. ఇరవై నాలుగు అంగుళాలు, నూలు పోగంత అటూ ఇటూ. తర్వాత గొడ్డలి కొలిచాడు. ఇరవై ఏడున్నర. టేపు తిప్పి చూశాడు. డెబ్బై సెంటీమీటర్లు. రెండు కామలు ఎంతవుతాయో మిషను బల్ల మీద సున్నపు ముక్కతో రాశాడు. నూట నలభై.

విచారణలో వచ్చింది నూట నలభై. అచ్చంగా అదే.

సదయ్య ఆ అంకె చదవలేడు. ముత్యం రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పాక సదయ్య మిషను పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"నేను ఏలెడు తప్పలే," అన్నాడు. "ఐలవ్వా, నేను ఏలెడు గూడ తప్పలే."

ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరు రోజుల తర్వాత ఆ మనిషి ముఖంలోకి రక్తం రావడం మేము చూశాం. అప్పుడు రాజం దిక్కు ఎవరూ చూడలేదు. అతను గొడ్డలిని చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. 

"అన్నా, నేను ఇయ్యాల పదకొండు కర్రలు పెట్టిన. వాటి కింద ఇప్పుడు రెండో షిఫ్టోళ్లు పనిచేస్తున్నరు."

నలభై రెండు గొడ్డళ్లు. మూడు షిఫ్టులు. ఇరవై అయిదు రోజులు. ఒక్కొక్కడు రోజుకు పది కర్రలు పెట్టాడనుకున్నా పదివేలు దాటుతాయి. అన్నిటి నడుమ ఏడేసి అంగుళాలు ఎక్కువ. ఆ లెక్క ముత్యం బల్ల మీద రాయలేదు. రాయమని ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రమే సదయ్య దవాఖానకు పోయాడు. నన్ను వెంట రమ్మన్నాడు. యేసయ్య గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. దుప్పటి ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా ఉంది. అతని పెళ్లాం సత్యవతి మంచం కాళ్ల దగ్గర కూర్చుని గిన్నె తుడుస్తోంది.

"సదన్నకు ఇన్ని దినాలకు తొవ్వ దొరికింది," అన్నాడు యేసయ్య.

సదయ్య నిలబడే అంతా చెప్పాడు. కామ సంగతి, టేపు సంగతి. చెప్పేటప్పుడు దుప్పటి దిక్కు చూడలేకపోయాడు. యేసయ్య విన్నాడు. లింగమూర్తిని అడిగిన మాట తనకు గుర్తుందని, ఎక్కడ అడిగితే అక్కడ, సిలువ మీద చెయ్యి పెట్టి చెబుతానని అన్నాడు. తర్వాత, అయితే నా కాలు డెబ్బై సెంటీమీటర్లకు పోయిందన్నమాట అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

సత్యవతి గిన్నె కింద పెట్టింది. ఆమెకు కోపం సదయ్య మీద తగ్గిందో లేదో నేను చెప్పలేను.

"నీ మీద తప్పు లేదని చెప్పనీకే వచ్చినవా అన్నా? మంచిది, లేదు. ఈ కాలైతే మల్ల రాదు. ఇంకొకని కాలు పోకముందే ఏమన్న చెయ్యి. పో, ఇక్కడ నిలబడకు."

మరునాడు పొద్దున్నే సదయ్య, రాజం, నేను మేనేజరు గదికి పోయాం. ఆయన లోపలికి రానివ్వలేదు. గుమాస్తాతో గొడ్డలి సంగతీ, దర్జీ టేపు సంగతీ చెప్పి పంపించాం. మధ్యాహ్నానికి లింగమూర్తి సదయ్య ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, ఐలవ్వ ఇచ్చిన నీళ్లు తాగాడు. ఆయన కూడా మనిషే, భార్యాపిల్లలు ఉన్నవాడే. 

తెచ్చిన మాట ఇది. చార్జిషీటు వెనక్కి తీసుకుంటారు. సదయ్యకు పైన కర్రల డిపోలో పని ఇస్తారు. ఎండా వానా తగలని షెడ్డు, బాయిలోకి దిగక్కర్లేదు. వేలిముద్ర పెట్టిన కాయితం మాత్రం అట్లాగే ఉంటుంది, మందలింపుతో సరిపెడతారు. కామల సంగతి ఎక్కడా ఎత్తవద్దు. వచ్చే నెల కొత్త కామలు తెప్పిస్తారు, చప్పుడు లేకుండా మార్చేస్తారు. ఇప్పుడు బయటపడితే బాయి ఆపాలి, పదివేల సందులు కొలవాలి, వారం పది రోజులు బొగ్గు రాదు. పైవాళ్లు ఊరుకోరు.

డిపోలో కామలు కొన్న సంగతి కూడా అప్పుడే ఆయన నోటనే బయటపడింది. పాత పుస్తకంలో రెండు ఫీట్ల కామ అని ఉండేదట. కొత్త పుస్తకంలో సెంటీమీటర్లలో రాయాలి. రెండు ఫీట్లంటే అరవై ఒకటి. అరవై ఒకటి కామ అమ్మేవాడు ఎవడూ లేడు, అరవైదీ డెబ్బైదీ ఉన్నాయి. పెద్దది మంచిదిలే అని డెబ్బై రాశారు. కామతో కర్రల దూరం కొలుస్తారని డిపోలో ఎవరికీ తెలియదు. లింగమూర్తికి తెలుసు. డిపో వాళ్లు లింగమూర్తిని అడగలేదు. అడిగిన సదయ్యకు లింగమూర్తి చూసి చెప్పలేదు.

అంతా విన్నాక సదయ్య ఒక్క మాటే అడిగాడు. వచ్చే నెల కామలు మారుస్తారు సరే, ఇప్పటికే నిలబడి ఉన్న కర్రల సంగతేమిటని. లింగమూర్తి నీళ్ల చెంబు దిక్కు చూశాడు.

 ఐలవ్వను అడిగితే ఏమనేదో నాకు తెలియదు. ఇద్దరు పిల్లలు. క్వార్టరు పోతే కమాన్‌పూరు దిక్కు పోయి కూలి చేసుకోవాలి. షెడ్డులో పని అంటే మా వాడలో ఎవడైనా కాళ్లకు మొక్కి తీసుకునేదే.  సదయ్య తన అరచేతులు చూసుకున్నాడు. నేను ఆయనను వీరుణ్ణి చెయ్యడానికి ఇది చెప్పడం లేదు. ఆ కాసేపు ఆయన తీసుకుందామనే అనుకున్నాడని తర్వాత ఆయనే చెప్పాడు.

"సార్," అన్నాడు చివరికి. "తప్పు నాదైతే నన్ను తీసెయ్యిర్రి. తప్పు కామదైతే కర్రలన్నీ కొలువుర్రి. రెండిట్ల ఏదో ఒకటి చెయ్యాలె. నన్ను నీడకు కూసోబెట్టి రాజాన్ని కింద ఉంచుతనంటే ఎట్ల సార్? మీరు గూడ రోజు ఆ కర్రల కిందికెల్లే నడుస్తరు గద."

లింగమూర్తి లేచాడు. చెప్పులు వేసుకుంటూ, తాను రెండు రోజుల నుంచి నడవడం లేదని, జ్వరమని సెలవు రాసుకున్నానని చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియాలి.

ఆయన రెండు రోజులుగా దిగడం లేదు. మేము రెండు రోజులుగా దిగుతూనే ఉన్నాం.

ఇవాళ పొద్దుటి షిఫ్టుకు కర్రలు పెట్టేవాళ్లు ఎవరూ గొడ్డలి పట్టుకొని దిగలేదు. హాజరు గది అరుగు మీద ఒక్కొక్కరే వచ్చి గొడ్డళ్లు పడుకోబెట్టారు. నలభై రెండు. రెండో షిఫ్టు వాళ్లు, మూడో షిఫ్టు వాళ్లు కూడా వచ్చి పెట్టిపోయారు. ముత్యం మిషను మూసి, టేపు మెడలో వేసుకొని వచ్చాడు. బొగ్గు ఎత్తేవాళ్లం తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నాం. యేసయ్య దవాఖాన నుంచి రాలేడు. సత్యవతి వచ్చింది. సదయ్య పక్కన కూర్చోలేదు, కొంచెం ఎడంగా కూర్చుంది. అయినా వచ్చింది.

ఇది చట్టం ఒప్పని సమ్మె అని మేనేజరు చీటీ పంపించాడు. ఒక గంటలో దిగకపోతే మస్టరు పడదని, అంటే ఆ రోజు కూలి రాదని అందులో ఉంది. చీటీ తెచ్చినవాడు చదివి వినిపించి పోయాడు.

మేము చట్టం చదవలేదు సార్. మీరు చదివారు. కాబట్టి మీ చట్టంతోనే అడుగుతున్నాం. ఏడు అంగుళాలు ఎక్కువైనందుకే బండ పడిందని మీరే రాశారు, మీరే ముద్ర వేశారు. ఆ రాత నిజమైతే ఈ బాయి నిండా అదే ఏడు అంగుళాలు ఉన్నాయి. ఒక్క మనిషిని కూడా దాని కిందికి పంపే హక్కు మీకు లేదు. ఆ రాత అబద్ధమైతే, ఏడు అంగుళాలకు ఏమీ కాదని మీరంటే, సదయ్య మీద చార్జిషీటు ఎందుకు? ఆ ఏడు అంగుళాలు లేకుంటే బండ పడేది కాదని నేను ప్రమాణం చెయ్యను. రాయి సంగతి రాయికి తెలుసు. మీరు మాత్రం ప్రమాణం చేసినట్టే రాశారు. రెండు మాటలూ మీవే కాలేవు. ఏదో ఒకటి ఉమ్మెయ్యండి.

ఇక మాకు కావలసింది వినండి. సదయ్య వేలిముద్ర ఉన్న కాయితాన్ని మా ముందు చింపెయ్యాలి. డిపోలో నీడ వద్దు, ఆయన పని ఆయనకు ఇయ్యాలి. లింగమూర్తి జ్వరం దుప్పటి తీసేసి వచ్చి, సదయ్య తనను ఏమడిగాడో, తాను ఏం చెప్పాడో నలుగురిలో చెప్పాలి. అద్దాల పెట్టెలో కాయితం తెలుగులో రాసి పెట్టాలి, ఫీట్లల్లో ఎంతో మీటర్లల్లో ఎంతో పక్కపక్కన. పెట్టె తాళం తియ్యాలి. ఈ నలభై రెండు కామలనూ ఇవాళే రంపం పెట్టి రెండు ఫీట్లకు కొయ్యాలి. రంపం మేమే తెచ్చుకున్నాం.

వీటన్నిటికంటే ముందు మీరు దిగాలి. మేనేజరు, డిపో ఆఫీసరు, విచారణలో నవ్విన దొర, అందరూ. ఇనుప టేపు పట్టుకొని మాతో కలిసి దిగి ఒక్కొక్క సందూ కొలవాలి. ఎక్కువ ఉన్నచోట నడుమ ఇంకో కర్ర పెట్టించాలి. అది మేం పెడతాం, మీరు పక్కన నిలబడాలి, ఆ కప్పు కిందనే నిలబడాలి. ఆఖరి సందు కొలిచేదాకా ఒక్క టబ్బు బొగ్గు పైకి రాదు. మీరు మస్టరు వెయ్యకపోయినా రాదు, పోలీసు వ్యాను తెచ్చినా రాదు.

గంట మీరు పెట్టిన గడువు గదా. ఆ గంటలోపలే టేపు తీసుకొని రండి.